తొలి సముద్రం: కళ్ళు తెరిచిన చెయ్యి

శిరివెళ్ల దాటిన బస్సులో, కిటికీ పక్క సీట్లో, చేతిలో ఫోను పట్టుకుని బిగుసుకుపోయిన జాహ్నవిని వదిలి మీకు వారమైంది. ఆమెకు మాత్రం ఇంకా నలభై నిమిషాలే అయింది. ఆ నలభై నిమిషాల్లో ఫోనులోని ఫొటోను ఆమె ఎన్నిసార్లు పెద్దది చేసి చూసిందో పక్కన మునక్కాయల సంచితో కూర్చున్న ముసలామెను అడిగితే చెబుతుంది. "యా సామి పాపా" అని ఆమె రెండుసార్లు అడిగింది. "నరసింహస్వామి" అని జాహ్నవి రెండుసార్లూ చెప్పింది. అంతకు మించి చెప్పే ఓపిక ఆమెకు లేదు.

జాహ్నవికి మద్దిలేటితో పెళ్ళయి పది నెలలు. అతను ఆళ్లగడ్డలో శిల్పి, శిల్పి కొడుకు, శిల్పి మనవడు. ఆమె రోజూ బస్సెక్కి నంద్యాల పోయి ఒక విత్తనాల కంపెనీలో మొలక పరీక్షలు చేస్తుంది. తడి కాగితం మీద వంద గింజలు పేర్చి, ఎన్ని మొలిచాయి, ఎన్ని తాలు అని తేల్చడం ఆమె పని. ఆ పని మనిషికి ఒక జబ్బు అంటిస్తుంది. ఎవరే మాట చెప్పినా అందులో తాలెంత ఉందో చూడబుద్ధవుతుంది.

పెళ్ళిచూపుల్లో ఆ జబ్బు పనిచేయలేదు. "నేను ఇంతవరకు సముద్రం చూడలే" అని ఆమె ఏదో మాటకు అంటే, మద్దిలేటి తల వంచుకునే "నేనూ చూడలే" అన్నాడు. అయితే తొలిసారి ఇద్దరం కలిసే చూద్దాం అనుకున్నారు. తాళి కంటే ముందు జాహ్నవిని ఆ ఇంటికి కట్టేసింది ఆ మాటే. పది నెలలుగా ఆ సముద్రం కోసమే ఆమె సెలవులు కూడబెట్టుకుంది.

నంద్యాలలో ఆమె స్నేహితురాలు ముబశ్శిరాకు టూర్ల ఆఫీసు ఉంది. వాళ్ళ నాయన సైదా సాహెబ్ ఉమ్రాకు, అంటే మక్కా యాత్రకు, మనుషులను పంపడానికి పెట్టిన ఆఫీసు అది. కూతురు కొత్తజంటలను కూడా పంపుతుంది. ఆమె ఈ ఇద్దరి ముందు మూడు దీవులు పెట్టింది. మాల్దీవులకు పాస్‌పోర్టు కావాలి, జాహ్నవికి లేదు. లక్షద్వీప్‌కు పోలీసు సర్టిఫికెట్టు కావాలి, పర్మిట్టు కావాలి. అండమాన్‌కు ఆధార్ కార్డు చాలు, విమానం దిగితే గంటలో ఇసుక మీద ఉంటారు. వింటున్న ఎవరికైనా ఏది సులువో తెలుస్తుంది. మద్దిలేటి మాత్రం "అండమాన్ వద్దు, లక్షద్వీపే" అన్నాడు. రేషన్ కార్డులో పెళ్ళాం పేరు ఎక్కించడానికి ఇంకా ఆఫీసు గడప తొక్కని మనిషి పోలీస్ స్టేషన్‌కు పోతానంటున్నాడు. పైగా నోరు జారి, "అండమాన్ ఓడలో మూడు దినాలు, కడుపులో తిప్పుతాది, ఆ అన్నం కుక్కలు తినవు" అన్నాడు. ముబశ్శిరా ఓడ మాట ఎత్తనే లేదు. ఆడవాళ్ళిద్దరూ అప్పుడే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఇక ఆ ఫొటో. ఎవరో ముఖం తెలియని మనిషి ముబశ్శిరా ఆఫీసు ఫోనుకు పంపారు. కింద ఒకటే వాక్యం ఉంది: "అండమాన్ పోయేవాళ్ళకు ఈ గుడి చూపించండి." అండమాన్‌లోని తెలుగువాళ్ళు కట్టుకున్న చిన్న గుడిలో నల్లరాతి లక్ష్మీనరసింహస్వామి, కొంచెం ఎడమ పక్కకు జరిగి తీసిన ఫొటో. దేవుడి పేరు చెబితేనన్నా మీ ఆయన ఒప్పుకుంటాడేమోనని ముబశ్శిరా మంచికే జాహ్నవికి పంపింది.

అందులో స్వామి జూలు పాయలు పాయలుగా కిందికి దిగి ఉంది. ఎడమ చెవి వెనక ఒక్క పాయ మాత్రం పైకి తిరిగి ఉంది.

పెళ్ళయిన మూడోనాడు మద్దిలేటి ఆమెను శిల్పశాలకు తీసుకుపోయి, ఎవరూ చూడకుండా ఆమె చూపుడువేలు పట్టుకుని ఒక సింహం జూలులో సరిగ్గా అక్కడే పెట్టాడు. "ఇది నా గురుతు. యా శిల్పీ ఇట్ల తిప్పడు. నీకు తప్ప ఎవురికీ చెప్పలే" అన్నాడు. ఆ వేలికి ఆ పాయ ఇంకా గుర్తుంది.

సరే, బస్సు ఆళ్లగడ్డ చేరింది.

జాహ్నవి ఇంటికి పోలేదు. నేరుగా రోడ్డు పక్కనున్న శిల్పశాలకు నడిచింది. ముందు రేకుల షెడ్డు, వెనక చిన్న గది. షెడ్డు నెత్తిన పాత బోర్డు, దాని మీద వెలిసిపోయిన రంగుతో రెండు ఫోను నెంబర్లు ఉంటాయి. లోపల గ్రైండరు ఆగి ఉంది. మామ పుల్లయ్యాచారి ఒక్కడే ముక్కాలి పీట మీద కూర్చుని ఆంజనేయుడి మోకాలికి నీళ్ళు కొట్టి రాపిడి పెడుతున్నాడు. కళ్ళకు పొర వచ్చినప్పటి నుంచి ఆయన ఉలి పట్టడం మానేశాడు. నునుపు పెట్టడం, తయారైన విగ్రహాలను ఫొటో తీసి అడిగినవాళ్ళకు ఫోనులో పంపడం, ఈ రెండే ఆయన పనులు.

గది గుమ్మం పక్కన గోడకు ఆడపడుచు జానకమ్మ ఫొటో ఉంది. గంధపు దండ వేసి ఉంది. నాలుగేళ్ళ కిందట కరోనా నాళ్ళలో మదరాసులో పోయిందని ఊళ్ళో అందరికీ తెలుసు. పెళ్ళి చేసుకుని వచ్చిన రోజే అత్త సుబ్బలక్ష్మమ్మ జాహ్నవి చేత ఆ ఫొటోకు పసుపుకుంకుమ పెట్టించింది. ఆపైన రోజూ పొద్దున ఒక అగరొత్తి వెలిగించడం కోడలి పని అయింది. ఇప్పుడు కూడా అలవాటు కొద్దీ ఫొటోకు దండం పెట్టే లోపలికి వచ్చింది.

"టీ తాగినావా తల్లీ" అన్నాడు పుల్లయ్యాచారి తలెత్తకుండా.

"తాగినా మామా. మీ కొడుకు యాడికి పోయినాడు?"

"అహోబిలం. మఠమోళ్ళు దీపపు కంబం అడుగుతాండారు. కొలతలకు పోయినాడు, వస్తాడు."

జాహ్నవి ఇంకో పీట లాక్కుంది. ఎదురుగా ఆంజనేయుడికి ముక్కు ఉంది, పెదవులు ఉన్నాయి, కళ్ళున్న చోట రెండు నున్నటి ఉబ్బులు మాత్రం ఉన్నాయి. ఆమె తనకు తెలిసిన సంగతినే తెలియనట్టు అడిగింది. అనుమానం పట్టిన మనిషి అలాగే అడుగుతుంది.

"ఈ సామికి కళ్ళు ఎప్పుడు పెడతారు మామా?"

"ఈడ పెట్టరు. గుడిలో నిలబెట్టినాక, ప్రతిష్ఠ నాడు తెర కట్టి తెరుస్తారు. సామి తొలిచూపు అద్దంలో పడాల. మనిషి మింద పడగూడదు."

"తెరిచేది ఎవురు?"

"చెక్కినోళ్ళే. ఇంగెవురు తెరుస్తారు?"

"శానా దూరమైతే? ఆడ ఇంగో శిల్పి ఉంటే ఆయప్పతో చేయించుకోరా?"

ముసలాయన రాపిడి రాయి పక్కన పెట్టాడు. "బయట ఏమన్నా చేసుకోనీ. మన ఇంట్లో ఆ పని లేదు. ఒకరు చెక్కిన మొగానికి ఇంగొకరు కళ్ళు తెరిస్తే ఆ చూపు నిలవదు. మా నాయనకు ప్రతిష్ఠ నాడు చలిజ్వరం వస్తే, ముహూర్తమే మార్పించినాడు గానీ తమ్మున్ని పంపలే."

"సముద్రం దాటి పోవాల్సొచ్చినా?"

"సముద్రం దాటైనా పోవాల్సిందే."

జాహ్నవి ఫోను తీసి ఆయన ముందు పెట్టింది. పుల్లయ్యాచారి కళ్ళద్దాలు పంచె చెంగుతో తుడుచుకుని పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఫోను వెలుతురు ఆరిపోతే ఆమె మళ్ళీ వెలిగించింది, మళ్ళీ చూశాడు.

"మన ఇంటి పనే" అన్నాడు.

"ఎవురు చెక్కినారు మామా?"

"వాన్నే అడుగు. వచ్చినాక."

లేచి, నడుము పట్టుకుని, కుళాయి దగ్గరికి చేతులు కడుక్కోవడానికి పోయాడు. ఈ ఫొటో నీకెక్కడిది అని ఆయన అడగలేదు. ఆ సంగతి జాహ్నవికి అప్పుడు తట్టలేదు. మీకు తట్టి ఉంటే కాసేపు మనసులోనే పెట్టుకోండి.

ఆమె మనసు అప్పటికే లెక్క కట్టేసింది. విగ్రహం మొగుడిది, పాయ సాక్షి. చెక్కినవాడే పోయి కళ్ళు తెరవాలి, మామ సాక్షి. విగ్రహం ఉన్నది అండమాన్‌లో. అంటే మొగుడు అండమాన్ పోయాడు, ఓడలో మూడు దినాలు అన్నం తినలేకపోయాడు, సముద్రం కళ్ళారా చూశాడు. చూసి వచ్చి, చూడలేదని చెప్పి తన మెడలో తాళి కట్టాడు. ఎందుకు చెప్పాడు? సముద్రం చూడడం తప్పు కాదే. దాచాడంటే సముద్రాన్ని కాదు, అక్కడ ఉన్న ఎవరినో దాచాడు. మధ్యాహ్నం ముబశ్శిరా నవ్వుతూ, "ఆ దీవిలో మీ ఆయనకు ఇంగో కాపురం ఉండాదేమో చూసుకో" అంది.

బండి చప్పుడు అయింది. మద్దిలేటి హెల్మెట్ తీసి హ్యాండిల్‌కు తగిలించి లోపలికి వచ్చాడు. పెళ్ళాన్ని చూడగానే అతని ముఖం వెలిగింది. పాపం, ఆ వెలుగు అబద్ధం కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

"ఈడికే వచ్చేసినావే. బస్సు బేగా వచ్చిందా?"

"దీవి ఖాయం చేద్దామని వచ్చినా. ముబశ్శిరా రేపటికి చెప్పమనింది."

"చెప్పినా కదా, లక్షద్వీప్. సోమవారం స్టేషన్‌కు పోయి సర్టిఫికెట్టు అడుగుతా. ఎస్సై మన శివాలయం పనికి వచ్చినప్పుడు పరిచయమైనాడు."

"అండమాన్‌కు స్టేషన్‌తో పని లేదు."

"అది వద్దు."

"ఏంటికి?"

"ఆడంతా తెలుగోళ్ళే అంట. యాడికి పోయినా ఏ ఊరు, ఎవురు కొడుకు అని అడుగుతాంటారు. ఇంత దూరం పోయి ఆళ్లగడ్డ సంతలో తిరిగినట్ల ఉంటాది."

"అంట అంటాండావు. ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురో. ఫోన్లో చూసినా."

"ఓడలో అన్నం బాగలేదని కూడా ఫోన్లోనే చూసినావా?"

మద్దిలేటి హెల్మెట్ కోసం అన్నట్టు వెనక్కి చూశాడు. అది బండికే ఉంది. చేతులు ఏం చేయాలో తెలియక ఒక ఉలి తీసుకుని మొన తడిమాడు.

జాహ్నవి లేచి ఫొటో అతని ముఖం ముందు పెట్టింది. "ఈ పాయ ఎవురిది?"

అతను చూశాడు. అప్పిచ్చినవాడు గుమ్మంలో నిలబడితే ముఖాలు ఎలా అవుతాయో అలా కాలేదు అతని ముఖం. తప్పిపోయిన మనిషి సంతలో కనపడినట్టు అయింది.

"ఎవురిచ్చినారు నీకిది?"

"నేను అడిగిందానికి ముందు నువ్వు చెప్పు. ఈ చెవి ఎనక నా వేలు పట్టుకుని పెట్టింది నువ్వే కదా. ఎవురికీ చెప్పలే అన్నావు. చెక్కినోళ్ళే పోయి కళ్ళు తెరవాలని ఇప్పుడే మామ చెప్పినాడు. సామికి కళ్ళు ఉండాయి, సూడు, రెండూ తెరిచే ఉండాయి. అంటే నువ్వు ఆ దీవికి పోయినావు. సముద్రం చూడలేదని నాతో ఏంటికి చెప్పినావప్పా? ఆడ ఎవురుండారు నీకు?"

"నేను పోలే."

"సామి తనంతకు తానే కళ్ళు తెరిచినాడా?"

"జాహ్నవీ, నేను పోలే. ఉలి పట్టుకుని చెప్తాండా. ఇంతవరకు నేను సముద్రం చూడలే."

ఆమె అతని చేతివైపు చూసింది. ఆ ఇంట్లో దేవుడి మీద ఒట్టు పెట్టడం మామూలే, కూరలో ఉప్పు విషయంలో కూడా పెడతారు. ఉలి మీద మాత్రం పెట్టరు. కింద పడి ఉన్న ఉలిని దాటి నడవరు, ఎంగిలి చేత్తో ముట్టుకోరు. పది నెలల్లో మద్దిలేటి ఉలి పట్టుకుని ఒక్క మాట చెప్పగా ఆమె వినలేదు.

ఇక్కడ ఇంకో ఆడది అయితే ఏడ్చేదో, అరిచేదో. జాహ్నవి గింజలు పరీక్ష చేసే మనిషి. లెక్క కుదరకపోతే గింజలను కాదు, తన లెక్కను మళ్ళీ చూసుకుంటుంది. చెక్కినవాళ్ళే కళ్ళు తెరవాలి, ఈ ఇల్లు ఆ మాట తప్పదు. మొగుడు అక్కడికి పోలేదు, ఉలి మీద ఒట్టు తప్పదు. రెండూ గట్టి గింజలే. తాలు మూడో చోట ఉంది.

"అయితే" అంది నెమ్మదిగా, "ఇది నువ్వు చెక్కింది కాదు."

కుళాయి దగ్గర నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"ఆ పాయ కూడా నీది కాదు."

అతను తల అడ్డంగా ఊపాడు. కాదని.

"మరి ఎవురిది?"

అతని కళ్ళు ఆమె భుజం మీదుగా గది గుమ్మం వైపు, గోడ వైపు పోయాయి. జాహ్నవి తిరిగి చూసింది. పొద్దున తాను వెలిగించిన అగరొత్తి పుల్ల ఫొటో చట్రం సందులో ఇంకా గుచ్చి ఉంది.

"అక్కది" అన్నాడు.

ఆ తరువాత మద్దిలేటి చెప్పిన తీరులో ముందుది వెనక, వెనకది ముందు వచ్చాయి. మీకోసం వరసగా చెబుతాను. అండమాన్ తెలుగువాళ్ళు విగ్రహం అడిగేనాటికి పుల్లయ్యాచారి కళ్ళకు పొర వచ్చింది. మద్దిలేటికి ఇరవై నాలుగేళ్ళు, అప్పటికే ఒక రాయి పాడుచేసి ఉన్నాడు. జానకమ్మ పదేళ్ళప్పటి నుంచి విగ్రహాలకు నునుపు పెడుతూ, చూస్తూ, అందరూ పడుకున్నాక చెక్క ముక్కల మీద చెయ్యి తిప్పుకుంటూ పెరిగింది. ఆడది ఉలి పట్టిందంటే కులంలో నవ్వుతారని ముందు టార్పాలిన్ కట్టి, వెనక ఆమె చేత చెక్కించారు. పేరు తమ్ముడిది. విగ్రహం లేచి నిలబడింది. ఆ పని తనదని మద్దిలేటి ఎన్నడూ నోటితో చెప్పలేదు, కాదని కూడా చెప్పలేదు.

"ప్రతిష్ఠ దినం వచ్చింది" అన్నాడు అతను. "నేను పోయి కళ్ళు తెరిస్తే అది అబద్ధం. సామిని గుడ్డోన్ని చేస్తావా అని అక్కే అడిగింది. నాయన కూడా ఒప్పుకోలే. ఇద్దరం పోయేటట్ల, తెర ఎనక అక్క తెరిచేటట్ల, బయటికి నా పేరు చెప్పేటట్ల మాట్లాడుకున్యాం. లారీలో సామిని ఏసుకుని మదరాసు పోయినాం. కరోనా దినాలు అవి. హార్బరు గేటు కాడ నుదుటికి మిషను పెట్టి చూసి నాకు జ్వరం ఉండాదని నిలిపేసినారు. సామి పెట్టె లోపలికి పోయింది. ఇద్దరి టిక్కెట్లలో అక్కది ఒక్కటే పనికొచ్చింది. నువ్వు పడుకో, నేను పోయొస్తా అనింది."

"నువ్వు?"

"గోడ ఇవతలే ఉండిపోయినా. గోడ శానా ఎత్తు. అవతల సముద్రం. వాసన వచ్చింది, ఓడ కూత వినపడింది. చూడలే జాహ్నవీ. ఓడ సంగతులన్నీ అక్క ఫోన్లో చెప్పినేటివే."

జాహ్నవికి ఏడుపు వచ్చింది. ఈ మనిషి నిజం చెప్పినందుకు సంతోషపడాలో, ఇన్నాళ్ళు దాచినందుకు చెంప పగలగొట్టాలో ఆమెకు తెలియలేదు. రెండూ ఒకేసారి చేయాలనిపించింది.

"తర్వాత?"

"ఆడ తెర ఎనక దాక్కునే పని లేదు కదా. ఎవురు చెక్కినారమ్మా అని అడిగితే నేనే అని చెప్పింది. వాళ్ళు నవ్వలే. నీ పేరు రాతిమింద రాస్తాం అన్నారంట. నాయనకు ఫోన్ చేసి చెప్పింది, సంతోషంగా చెప్పింది. తమ్ముని పేరు రాయించు, లేకుంటే రావద్దు అన్నాడు నాయన. అయితే రాను అనింది."

"చచ్చిపోయిందని మాతో ఎవురు చెప్పినారు మరి?"

"ఎవురూ చెప్పలే." మద్దిలేటి ఉలి వైపే చూస్తూ అన్నాడు. "రెండోసారి కరోనా వచ్చింది. పాప యాడ, పాప యాడ అని ఊరంతా అడుగుతాండారు. ఒక పొద్దున నాయన ఫొటో తెచ్చి గోడకు కొట్టి దండ ఏసినాడు. ఒక్క మాట మాట్లాడలే. దండ చూసి ఊరే అనుకునింది. ఆ దినాల్లో ఎట్ల పోయింది, యాడ పోయింది అని అడిగేటోడు ల్యాడు కదా. అమ్మ మూడు దినాలు అన్నం తినలే, తర్వాత ఆమె కూడా నోరు మూసుకునింది."

"నువ్వు?"

"నేనూ."

"మీ అక్కతో మాట్లాడినావా మళ్ళా?"

"ల్యా. ఏం మొగం పెట్టుకుని మాట్లాడాల? ఆయమ్మ చెక్కినట్లే చెక్కను నేర్చుకుని బతుకుతాండా. ఆ పాయ నాదని నీకు చెప్పినా. ఆ పొద్దు నీ ముందర గొప్పోన్ని కావాలనిపించింది."

జాహ్నవి గోడ దగ్గరికి పోయింది. ఫొటోలో జానకమ్మ నవ్వడం లేదు. ఫొటో తీసేవాడు తొందరపెడుతున్నట్టు, చేతిలో పని మధ్యలో వదిలి వచ్చినట్టు నిలబడి ఉంది. పది నెలలు, రోజుకొక అగరొత్తి. కడుపు పండి ఆడపిల్ల పుడితే ఈ పేరే పెట్టుకుందామని కూడా జాహ్నవి ఈ ఫొటోకు ఒకసారి మనసులో చెప్పుకుంది. అండమాన్‌లో ఎక్కడో ఆ మనిషి అన్నం వండుకుంటూ, రాయి కొడుతూ, ఎండకు తలకు గుడ్డ కట్టుకుని తిరుగుతూ ఉందన్నమాట.

"బతికుండే మనిషికి నా చేత పసుపుకుంకుమ పెట్టించినారు" అంది. గొంతు పెద్దది చేయలేదు. "నాకు సిగ్గుగా ఉండాది. మీకెవురికీ లేదా?"

జాహ్నవి మునివేళ్ళ మీద లేచి, రెండు చేతులతో ఫొటో మీది గంధపు దండ తీసేసింది. నాలుగేళ్ళ దుమ్ము ఆమె జాకెట్టు మీద పడింది. కుళాయి చప్పుడు ఆగింది. పుల్లయ్యాచారి తడిచేతులతో షెడ్డు వాకిట్లో నిలబడి చూస్తున్నాడు. కేకలేస్తాడనుకుంది. చేతులు పంచెకు తుడుచుకుంటూ ఆ బోడి ఫొటో వైపే చూస్తున్నాడు.

ఆమె దండను పీట మీద పెట్టి, షెడ్డు బయటికి వచ్చి ముబశ్శిరాకు ఫోను చేసింది.

"ముబశ్శిరా, అండమాన్ చెయ్యి."

"ఒప్పుకున్యాడా మీ ఆయన?"

"ఒప్పుకోకపోతే నేనొక్కదాన్నే పోతా. పోయేటప్పటికి ఇద్దరం, వచ్చేటప్పటికి ముగ్గురం అయితే టిక్కెట్టు దొరుకుతాదా?"

"ఏందే, ఎవురా మూడోది?" ముబశ్శిరా గొంతులో అనుమానం గుప్పుమంది. "నేను నవ్వులాటకు అన్యా కదనే. నిజంగానే ఆడ ఎవురన్నా ఉండారా?"

"ఉండారు. నువ్వనుకునేటోళ్ళు కాదు. ఎదురుగా చెప్తాలే. ఆ ఫొటో పంపినోళ్ళ నెంబరు చెప్పు ముందు. అండమాన్ పోయి ఆ గుడి చూసొచ్చినోళ్ళే అయ్యుంటారు. ఆయమ్మ యాడుండేది వాళ్ళకు తెలిసుంటాది."

"నేను చేసినాలేవే, ఎత్తలే. ఏం మనుషులో, ఫొటో పంపుతారు, ఫోన్ ఎత్తరు. ఉండు, చెప్తా, రాసుకో."

రాసుకోవడానికి జాహ్నవి దగ్గర కాగితం లేదు. ముబశ్శిరా అంకెలు చదువుతుంటే నోటితో మెల్లగా పలుకుతూ, ఎక్కడో ఒక చోట చూపు పెట్టాలి కాబట్టి తలెత్తి పైకి చూసింది. చివర రెండు ఏడులు, రెండు సున్నాలు అని ముబశ్శిరా చెప్పేసరికి, ఆ ఏడులూ ఆ సున్నాలూ ఆమె కళ్ళ ముందే ఉన్నాయి. షెడ్డు నెత్తిన, వెలిసిపోయిన బోర్డు మీద, మొగుడి నెంబరు కింద ఉన్న రెండో నెంబరు, మామది.

"రాసుకున్యావా?" అంది ముబశ్శిరా.

జాహ్నవి ఫోను కిందికి దించింది. ముబశ్శిరా ధరలు, దీవులు రాసి ఇచ్చిన కాగితం ఈ వారమంతా ఇంట్లో ఉప్పు డబ్బా కింద ఉంది. ఆఫీసు నెంబరు దాని మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఇంట్లో ఎవరైనా చూడవచ్చు, చూసి ఫొటో పంపవచ్చు. కానీ నాలుగేళ్ళుగా కూతురి పేరు ఎత్తని మనిషి దగ్గరికి ఆ గుడి ఫొటో ఎలా వచ్చింది? ఎవరు పంపారు?

వెనక పంచె చప్పుడైంది. పుల్లయ్యాచారి ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. గంధపు దండ ఆయన ఎడమ చేతిలో ఉంది. కుడి చేతిలో ఫోను ఉంది.

"యా దీవి అనుకున్యారు తల్లీ?" అని అడిగాడు.

"అండమాన్, మామా."

ముసలాయన తల ఊపాడు. షెడ్డు లోపలినుంచి మద్దిలేటి లేచి రావడం, గుమ్మంలోనే ఆగిపోవడం ఇద్దరికీ కనిపించింది. నాలుగేళ్ళలో మొదటిసారి ఆ వాకిట్లో ముసలాయన నోట కూతురి పేరు వినిపించింది.

"బేగా పోండి. పది దినాలుగా జానకి నా ఫోను ఎత్తలే."